లాంగ్ డిస్టెన్స్ హైకింగ్‌కి తేలికైన సోలో టెంట్ ఎలా ఎంచుకోవాలి: కొనే ముందు నుంచి ట్రెయిల్ దాకా పూర్తి గైడ్

పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ (పీసీటీ)లో ఒక సెక్షన్ చేద్దామనుకునేవాళ్ళు, జాన్ మ్యూర్ ట్రెయిల్ పర్మిట్ దొరికినవాళ్ళు, ఇండియాలో సొంతంగా ట్రెక్ ప్లాన్ చేసుకునేవాళ్ళు అందరూ అడిగేది ఒకటే, "సోలో టెంట్ ఏది కొనమంటారు" అని. ఒక పేరు చెప్పేస్తే పని అయిపోతుంది కానీ ఆరడుగుల మనిషికీ ఐదడుగుల రెండంగుళాల మనిషికీ, వానల్లో నడిచేవాళ్ళకీ ఎడారిలో నడిచేవాళ్ళకీ ఒకే టెంట్ కుదరదు కదా. అందుకని పేర్లు తర్వాత చెప్తా, ముందు ఎంచుకునే వరుస చెప్తా. ముందు ట్రెయిల్, తర్వాత మీ ఒళ్ళు, ఆ తర్వాతే బరువు. గ్రాములతో మొదలుపెడితే కాగితం మీద బాగుంటుంది, పడుకున్నాక కాళ్ళు తడిగోడకి తగులుతుంటాయి.

1. ట్రెయిల్ ఏదో, నెల ఏదో ముందు రాసుకోండి

అమెరికాలోని మూడు ట్రెయిల్స్ తీసుకుందాం, ఎంత తేడా ఉంటుందో చూడండి.

పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ దాదాపు 4,265 కిలోమీటర్లు. మెక్సికో బోర్డర్ నుంచి బయల్దేరితే మొదటి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు సదరన్ కాలిఫోర్నియా ఎడారి భాగం, అక్కడ వాన కంటే గాలి, ఇసుక పెద్ద సమస్య. తర్వాత సియెర్రాలో (సియెర్రా నెవాడా కొండల్లో) రాతినేల, చలి, ఆరెగన్‌లో దోమలు, సెప్టెంబర్‌లో వాషింగ్టన్ చేరేసరికి రోజుల తరబడి ముసురు. ఒకే టెంట్ ఇవన్నీ తట్టుకోవాలి.

జాన్ మ్యూర్ ట్రెయిల్ 340 కిలోమీటర్లు, అంతా సియెర్రానే. జులై, ఆగస్ట్ నెలల్లో మధ్యాహ్నం ఉరుముల వాన వచ్చి పోతుంది, వడగళ్ళు కూడా పడొచ్చు, జులైలో దోమలు తినేస్తాయి. పెగ్ (టెంట్‌ని నేలకి బిగించే మేకు) దిగని గ్రానైట్ ఎక్కువ.

అపలాచియన్ ట్రెయిల్ దాదాపు 3,500 కిలోమీటర్లు, జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాలు. ఇక్కడ గాలిలోనే తేమ, వరసగా వానలు, చెట్ల కింద ఏదీ ఆరదు. న్యూ హాంప్‌షైర్ వైట్ మౌంటెన్స్‌లో చాలాచోట్ల చెక్క ప్లాట్‌ఫామ్‌ల మీదే టెంట్ వేసుకోవాలి, అక్కడ పెగ్స్ పనికిరావు.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని మీ ట్రిప్‌కి ఇవి రాయండి:

- రాత్రి కనీస ఉష్ణోగ్రత ఎంత ఉండొచ్చు
- వాన ఎలాంటిది, గంటసేపు కురిసి పోయేదా, రెండ్రోజులు ఆగని ముసురా
- చెట్ల చాటున పడుకుంటారా, బయలు ప్రదేశంలో గాలికా
- నేల ఏంటి: మట్టి, ఇసుక, రాయి, చెక్క
- దోమలు, జలగలు ఉన్నాయా
- ట్రెక్కింగ్ పోల్స్ (నడిచేటప్పుడు పట్టుకునే చేతికర్రలు) వాడతారా, వాడితే ఒకటా రెండా

ఈ ఆరింటికీ జవాబులు రాకుండా షాపింగ్ సైట్ ఓపెన్ చేయకండి.

2. మీ కొలతలు తీసుకోండి, నేల మీద గీయండి

అందరూ దాటేసే స్టెప్ ఇదే, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. వన్ పర్సన్ అని రాసినంత మాత్రాన ఆ పర్సన్ మీరు అవ్వాలని లేదు.

ముందు పొడవు. మీ ఎత్తుకి 30 నుంచి 35 సెంటీమీటర్లు కలపండి. పడుకున్నప్పుడు పాదాలు సాగుతాయి, తలగడ ఉంటుంది, స్లీపింగ్ బ్యాగ్ ఉబ్బుగా ఉంటుంది, అవన్నీ కలిస్తే అంత అవుతుంది. 178 సెంటీమీటర్ల మనిషికి 210 పైన కావాలి. అయితే కంపెనీ ఇచ్చేది నేల పొడవు, మీరు పడుకునేది నేల మీద కాదు, 6 నుంచి 8 సెంటీమీటర్ల మందం ఉన్న ప్యాడ్ (గాలి ఊదే పరుపు) మీద, దాని పైన బ్యాగ్. తల దగ్గర, కాళ్ళ దగ్గర టెంట్ గోడ ఏటవాలుగా దిగుతుంది కాబట్టి ఆ ఎత్తులో పొడవు నేల మీదకంటే బాగా తగ్గిపోతుంది. గోడ ఎంత ఏటవాలుగా ఉంటే అంత ఎక్కువ పొడవు చూసుకోవాలి, 180 దాటిన ఎత్తున్నవాళ్ళు 225 సెంటీమీటర్ల పైన నేల ఉన్నవే చూడండి.

తర్వాత కూర్చునే ఎత్తు. ప్యాడ్ ఊది నేల మీద పరిచి దాని మీద బాసిపట్టు వేసుకుని కూర్చోండి, నేల నుంచి నడినెత్తి దాకా ఎవరిచేతనైనా కొలిపించండి. దానికి 10 సెంటీమీటర్లు కలిపితే అది మీకు కావాల్సిన టెంట్ ఎత్తు. ఆ ఎత్తు టెంట్‌లో ఏ భాగంలో ఉందో కూడా చూడండి, కొన్నిట్లో శిఖరం సరిగ్గా తలుపు జిప్ మీద ఉంటుంది, మీరు కూర్చునేది మాత్రం లోపల వాలు కింద.

వెడల్పు సంగతి తేలిక. మామూలు ప్యాడ్ 51 సెంటీమీటర్లు, వైడ్ ప్యాడ్ 64. చాలా సోలో టెంట్లు తల దగ్గర వెడల్పుగా, కాళ్ళ దగ్గర ఇరుకుగా ఉంటాయి, అందుకని వైడ్ ప్యాడ్ వాడేవాళ్ళు కాళ్ళ దగ్గర కొలత తప్పనిసరిగా చూడాలి.

ఇప్పుడు అసలు పని. మీకు నచ్చిన టెంట్ ఫ్లోర్ ప్లాన్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఆ కొలతలతో హాల్లో నేల మీద చాక్‌పీస్‌తో గీయండి, అపార్ట్‌మెంట్ కార్పెట్ అయితే మాస్కింగ్ టేప్ వేయండి. ఆ గీతల మధ్య ప్యాడ్ పరిచి, బ్యాగ్‌లో దూరి పడుకోండి. పక్కన తడి రెయిన్ జాకెట్, ఫోన్, పవర్ బ్యాంక్, నీళ్ళ బాటిల్, రేపటి సాక్స్ పెట్టండి. రెండువైపులా తిరిగి పడుకుని చూడండి. మోచెయ్యి గీత దాటుతోందంటే రాత్రంతా మీరు తడిగోడని తుడుస్తారన్నమాట. ఈ పనికి పది నిమిషాలు పడుతుంది, సగం లిస్ట్ అక్కడే ఎగిరిపోతుంది.

3. ఇప్పుడు బరువు, అదీ పూర్తి బరువు

కంపెనీలు రెండు మూడు రకాల బరువులు రాస్తాయి. ట్రెయిల్ వెయిట్ లేదా మినిమమ్ వెయిట్ అంటే టెంట్, ఫ్లై (పైన కప్పే బట్ట), పోల్స్ ఉంటే పోల్స్, అంతే. ప్యాక్డ్ వెయిట్ అంటే పెగ్స్, తాళ్ళు, సంచులతో కలిపి. చేతికర్రలతో నిలబెట్టే ట్రెక్కింగ్ పోల్ టెంట్ల బరువులో మామూలుగా పెగ్స్ ఉండవు, పోల్ అసలే ఉండదు. ఒక కంపెనీ మినిమమ్‌ని ఇంకో కంపెనీ ప్యాక్డ్‌తో పోల్చి ఇది తేలికని కొనేయకూడదు.

మీ లెక్క మీరే ఇలా వేసుకోండి. ఉదాహరణకి ఒక సింగిల్ పోల్ టెంట్:

- టెంట్: 740 గ్రాములు
- 6 వై ఆకారం పెగ్స్, ఒక్కోటి 13 చొప్పున: 78
- అదనపు తాళ్ళు: 20
- పల్చటి ప్లాస్టిక్ గ్రౌండ్ షీట్: 50
- సంచి: 12
- మొత్తం: 900 గ్రాములు

మీరు ట్రెక్కింగ్ పోల్స్ వాడకపోతే విడిగా కార్బన్ పోల్ ఒకటి కొనాలి, ఇంకో 60 గ్రాములు, డబ్బులు అదనం. వానలో తడిసిన టెంట్ మూటకడితే పావు కిలో దాకా నీళ్ళు కూడా మోస్తారు, ఆ నీళ్ళు ఏ వెబ్‌సైట్ లెక్కలోనూ ఉండవు.

నా మటుకు ట్రెక్కింగ్ పోల్ టెంట్ అయితే మొత్తం ఒక కేజీ లోపు, సొంత పోల్స్ ఉన్న టెంట్ అయితే కేజీన్నర లోపు ఉంటే లాంగ్ డిస్టెన్స్‌కి బాగుందనే చెప్తా. అక్కడి నుంచి ఇంకో 300 గ్రాములు తగ్గించడానికి మూడొందల డాలర్లు పెట్టే ముందు బ్యాగ్‌లో ఉన్న అదనపు బట్టలు, రెండో పవర్ బ్యాంక్, అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసా (ప్లాస్టిక్ కవర్లోకి మార్చేయండి) ఒకసారి తూకం వేసి చూడండి.

4. ఎలా నిలబడుతుంది: సొంత పోల్సా, ట్రెక్కింగ్ పోల్సా

సొంత పోల్స్ ఉన్న ఫ్రీస్టాండింగ్ టెంట్ ఎక్కడైనా నిలబడుతుంది, రాయి మీద, చెక్క ప్లాట్‌ఫామ్ మీద, ఇంటి డాబా మీద. వేయడం నేర్చుకోవాల్సింది పెద్దగా ఉండదు. బరువు ఎక్కువ, ఫ్రేమ్ పోల్ విరిగితే ట్రెయిల్ మీద తిప్పలు. ఒక మాట, "సెమీ ఫ్రీస్టాండింగ్" అని రాసినవాటికి కాళ్ళవైపు రెండు మూలలు పెగ్స్‌తో లాగితేనే ఆకారం వస్తుంది.

ట్రెక్కింగ్ పోల్ టెంట్ మీ చేతికర్రలతోనే నిలబడుతుంది, అందుకే అంత తేలిక. దీనికి మూడు షరతులు ఉన్నాయి.

మొదటిది, మీ పోల్ ఎత్తు. చాలా టెంట్లకి 120 నుంచి 130 సెంటీమీటర్లు కావాలి. మడతపెట్టే ఫిక్స్‌డ్ లెంగ్త్ పోల్స్ 110, 120 సైజుల్లో వస్తాయి, అవి పొడవు పెరగవు. టెంట్ పేజీలో ఎంత అడిగారో చూసి, మీ పోల్ నిజంగా అంత సాగుతుందో టేపు పెట్టి కొలవండి.

రెండోది, పెగ్స్ గట్టిగా దిగాలి. మూల పెగ్ ఒక్కటి ఊడితే సింగిల్ పోల్ టెంట్ మొత్తం మీద పడిపోతుంది.

మూడోది ఎవరూ ముందు ఆలోచించరు. పీసీటీ నడిచేవాళ్ళు చాలామంది క్రాబ్‌ట్రీ మెడో దగ్గర టెంట్ వదిలేసి మౌంట్ విట్నీ ఎక్కి వస్తారు. ఆ ఎక్కుడికి పోల్స్ కావాలి, పోల్స్ తీస్తే టెంట్ పడిపోతుంది. అలాంటి సైడ్ ట్రిప్‌లు మీ ప్లాన్‌లో ఎక్కువుంటే ఒకటే పోల్ అడిగే టెంట్ తీసుకుని రెండోది చేతికి ఉంచుకోండి, లేదా టెంట్ పడేసి సామాను పైన కప్పి రాళ్ళు పెట్టి వెళ్ళండి.

5. ఒక గోడా, రెండు గోడలా

మనం రాత్రంతా ఊపిరితో బయటికి వదిలే తేమ తక్కువేం కాదు, ఒక గ్లాసుడు నీళ్ళు అనుకోండి. బయట చల్లబడ్డ బట్టకి అది తగిలి నీటి చుక్కలవుతుంది. దీన్నే కండెన్సేషన్ అంటాం. టెంట్ కారుతోందని కంప్లైంట్ చేసేవాళ్ళలో చాలామందికి అసలు జరిగేది ఇదే. ఏ బట్టా దీన్ని ఆపలేదు.

సింగిల్ వాల్‌లో ఆ చుక్కలు మీకూ బయటి ప్రపంచానికీ మధ్య ఉన్న ఒకే గోడ మీద ఉంటాయి, తగిలితే స్లీపింగ్ బ్యాగ్ తడుస్తుంది. డబుల్ వాల్‌లో మధ్యలో మెష్ (దోమతెర లాంటి జాలీ) లేదా పల్చటి బట్ట ఉంటుంది, చుక్కలు దాని అవతలే ఉండిపోతాయి.

సింపుల్‌గా చెప్పాలంటే ఎడారి, సియెర్రా లాంటి పొడి చోట్లకి సింగిల్ వాల్ హాయిగా సరిపోతుంది. అపలాచియన్, వాషింగ్టన్, మన వెస్టర్న్ ఘాట్స్ వర్షాకాలం అయితే డబుల్ వాల్ తీసుకోండి, 150 గ్రాములు ఎక్కువైనా సరే. డౌన్ (పక్షి ఈకల) స్లీపింగ్ బ్యాగ్ వాడేవాళ్ళు ఈ విషయంలో మరీ జాగ్రత్త, డౌన్ తడిస్తే వెచ్చదనం పోతుంది.

ఎండ వచ్చేచోట, దుమ్ము లేచేచోట ఇంకో తేడా ఉంది. లడఖ్, స్పితి లాంటి చోట గాలికి సన్నటి దుమ్ము మెష్‌లోంచి లోపలికి వచ్చి తిండిలో, జిప్పుల్లో, ఊపిరిలో చేరుతుంది. అక్కడికి సగం దాకా గట్టి బట్ట ఉన్న ఇన్నర్ (లోపలి గది) మంచిది, చలిగాలి కూడా ఆగుతుంది.

6. బట్ట సంగతి

మూడే రకాలు గుర్తుపెట్టుకోండి.

సిల్‌నైలాన్: సిలికాన్ పూసిన నైలాన్. చిరుగుడికి బాగా తట్టుకుంటుంది, చిన్నగా మడతపడుతుంది. కానీ నైలాన్ నీళ్ళు పీల్చి సాగుతుంది, సాయంత్రం బిగించిన టెంట్ వాన పడ్డ గంటకి వేలాడుతుంది, పడుకునే ముందు బయటికెళ్ళి మళ్ళీ బిగించాలి.

సిల్‌పాలీ: పాలిస్టర్. అంతగా సాగదు, నీళ్ళు తక్కువ పీలుస్తుంది, ఎండకి కూడా కాస్త మెరుగు. కొంచెం బలం తక్కువ. డబ్బు, బరువు, పని అన్నీ కలిపి చూస్తే మొదటి టెంట్ కొనేవాళ్ళకి నేను ఇదే చెప్తా.

డీసీఎఫ్: డైనీమా కాంపోజిట్ ఫ్యాబ్రిక్, ఇదివరకు క్యూబెన్ ఫైబర్ అనేవాళ్ళు. నీళ్ళు పీల్చదు, సాగదు, చాలా తేలిక. దులిపితే దాదాపు ఆరిపోతుంది. ధర దాదాపు 600 డాలర్ల నుంచి పైకి. ముల్లు, నిప్పురవ్వ తగిలితే చిల్లు పడుతుంది కానీ టేప్ వేస్తే బ్రహ్మాండంగా అతుక్కుంటుంది. బట్ట సాగదు కాబట్టి వేసేటప్పుడు కొలత తప్పితే ముడత అలాగే ఉండిపోతుంది, చెయ్యి తిరగాలి.

హైడ్రోస్టాటిక్ హెడ్ అని 1,200, 2,000, 3,000 మిల్లీమీటర్లు అని రాస్తారు, అంటే ఆ బట్ట మీద ఎంత ఎత్తు నీటిస్తంభం నిలబెడితే అప్పుడు కారడం మొదలవుతుందని. పైకప్పుకి 1,200 నుంచి 1,500 ఉన్నా వాన ఆగుతుంది. నేలకి ఎక్కువ కావాలి, తడినేల మీద మోకాలు మోపితే ఒత్తిడంతా అక్కడ పడుతుంది.

ఇంకో ముఖ్యమైన పాయింట్. చవక టెంట్లలో పీయూ (పాలీయూరిథేన్) కోటింగ్ ఉంటుంది. తేమలో నిల్వ ఉంటే అది కొన్నేళ్ళకి జిగటగా మారి, పుల్లటి వాసన వేసి, పొరలుగా ఊడిపోతుంది. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి సముద్రపు ఊళ్ళలో బీరువాలో పడేసిన టెంట్లకి ఇది త్వరగా వస్తుంది. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు లోపలివైపు చెయ్యి పెట్టి రాయండి, జిగట తగిలితే వద్దనేయండి.

7. షార్ట్‌లిస్ట్‌కి కొన్ని పేర్లు

ధరలు, మోడల్స్ మారుతుంటాయి, బరువులు కూడా ఏటా కాస్త అటూ ఇటూ అవుతాయి, కొనే రోజు చూసుకోండి.

- డర్స్టన్ ఎక్స్‌-మిడ్ 1: డబుల్ వాల్, పాలిస్టర్, రెండు పోల్స్, 800 గ్రాముల ప్రాంతం. ఫ్లై, ఇన్నర్ కలిపే నిలబడతాయి కాబట్టి వానలో లోపల తడవదు. అన్నిరకాల వాతావరణానికీ కలిపి ఒకటే కొనాలంటే నా ఓటు దీనికే. నేల మీద కాస్త ఎక్కువ జాగా అడుగుతుంది.
- సిక్స్ మూన్ డిజైన్స్ లూనార్ సోలో: సింగిల్ వాల్, ఒకే పోల్, 740 గ్రాముల దరిదాపు, లోపల బాగా విశాలం. కుట్లు సీల్ చేసి వస్తాయో లేదో కొనేటప్పుడు చూసుకోండి, చేయకపోతే ఆ పని మీదే.
- జీప్యాక్స్ ప్లెక్స్ సోలో: డీసీఎఫ్, 400 గ్రాముల ప్రాంతం. నెలల తరబడి నడిచేవాళ్ళకి, బడ్జెట్ ఉన్నవాళ్ళకి.
- బిగ్ ఆగ్నెస్ కాపర్ స్పర్ యూఎల్1: సొంత పోల్స్, కేజీకి కాస్త అటూ ఇటూ. ట్రెక్కింగ్ పోల్స్ వాడనివాళ్ళకి, ప్లాట్‌ఫామ్‌ల మీద వేసుకునేవాళ్ళకి.
- త్రీఎఫ్ యూఎల్ లాన్‌షాన్ 1: డబుల్ వాల్, ఒకే పోల్, 900 గ్రాముల ప్రాంతం, ధర పైవాటిలో సగం. కుట్లు సీల్ చేశారో లేదో అడిగి కొనండి.
- నేచర్‌హైక్ క్లౌడ్ అప్ 1: సొంత పోల్స్, సుమారు కేజీన్నర. ఇండియాలో తేలిగ్గా దొరుకుతుంది, మొదటి టెంట్‌గా పర్వాలేదు.

తలుపు విషయం కూడా ఒక్క మాట. సోలోకి ఒక తలుపు చాలు, కానీ మీరు ఏ చెయ్యివైపు తిరిగి పడుకుంటారో ఆ వైపు ఉండాలి. బయట షూస్, బ్యాగ్ పెట్టుకునే వెస్టిబ్యూల్ బ్యాగ్ మొత్తం పట్టేంత ఉందా చూడండి.

8. ఇంటికొచ్చాక, బయల్దేరే ముందు

రిటర్న్ గడువు ఉండగానే ఈ పనులన్నీ చేయండి, ఇదే వరుసలో.

ముందు తూకం వేయండి, వంటింటి తూకం చాలు. తర్వాత డాబా మీదో పార్కులోనో నిలబెట్టండి. డాబా మీద పెగ్స్ దిగవు కాబట్టి మూలలకి ఇటుకలు, నీళ్ళు నింపిన పెయింట్ డబ్బాలు, 20 లీటర్ల వాటర్ క్యాన్లు కట్టి లాగండి. కుట్లన్నీ చూడండి, తాడు కట్టే చోట కుట్టు వదులుగా ఉందా, జిప్ ఒక చేత్తో మొదటి నుంచి చివరిదాకా నడుస్తోందా, మెష్‌లో చిన్న కన్నం ఉందా.

తేడా ఏమీ కనపడకపోతే నీళ్ళ టెస్ట్. లోపల నేలంతా పాత న్యూస్‌పేపర్లు పరిచి, బయటి నుంచి గార్డెన్ పైపుతో వానలా పైకి జల్లుగా ఇరవై నిమిషాలు కొట్టండి. లోపలికెళ్ళి చూస్తే ఎక్కడ కారిందో పేపర్ మీద మచ్చ సరిగ్గా చూపిస్తుంది, దాని నిట్టనిలువుగా పైన ఏ కుట్టు ఉందో చూసి పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. కుట్లు సీల్ చేయని టెంట్ అయితే ఈ టెస్ట్ సీలింగ్ తర్వాత, ఎందుకంటే అది ఎలాగూ కారుతుంది.

సీలింగ్ ఇలా:

1. టెంట్ పూర్తిగా ఆరాలి. బాగా బిగించి నిలబెట్టండి, కుట్టు కన్నాలు సాగి ఉన్నప్పుడే సీలర్ లోపలికి దిగుతుంది.
2. సిలికాన్ బట్టకి సిలికాన్ సీలరే. పీయూ కోటింగ్‌కి వేసేది దీనికి అంటదు, రెండూ వేరు.
3. చిన్న బ్రష్‌తో కుట్టు మీద అటూ ఇటూ ఒక సెంటీమీటర్ వెడల్పున పల్చగా పూయండి. లావుగా పూస్తే బరువు పెరగడం తప్ప ఒరిగేదేం లేదు.
4. శిఖరం దగ్గర, తాడు కట్టే చోట్ల రెండో పూత.
5. ఒక రోజంతా ఆరనివ్వండి. పైన కాస్త టాల్కం పౌడర్ చల్లితే మడతల్లో అతుక్కోదు.

చివరగా, చీకట్లో ఒకసారి, హెడ్‌ల్యాంప్‌తో, ఎవరి సాయం లేకుండా వేసి తీయండి. పది నిమిషాల్లోపు వచ్చేదాకా ప్రాక్టీస్ చేయండి.

9. పెగ్స్, తాళ్ళు

టెంట్‌తో వచ్చిన పెగ్స్ చాలాసార్లు నాసిరకంగా ఉంటాయి, మార్చడానికి వెనకాడకండి. మూలలకి, గాలివైపు తాళ్ళకి వై ఆకారం అల్యూమినియం పెగ్స్, మిగిలిన చిన్న చోట్లకి సన్నటి టైటానియం కొక్కేలు. ఎప్పుడూ ఒకటి అదనంగా ఉంచుకోండి.

పెగ్ తల టెంట్‌కి దూరంగా కాస్త వాల్చి దింపండి, తాడు నేలకి ఆనుకునేలా మొత్తం లోపలికి.

ఇసుకలో పెగ్ నిలవకపోతే దానికి అడ్డంగా తాడు కట్టి అరడుగు లోతున పడుకోబెట్టి పూడ్చండి, పైన రాయి. గ్రానైట్ మీద అయితే తాడు చివర చిన్న రాయికో కర్రపుల్లకో కట్టి, దాని ముందు తాడు మీద పెద్ద రాయి పెట్టండి. తాడు లాగినప్పుడు చిన్నది వచ్చి పెద్దదానికి తన్నుకుని ఆగిపోతుంది. దీనికోసం ప్రతి మూలకీ అర మీటర్ అదనపు తాడు ముందే కట్టుకుని వెళ్ళండి, అక్కడ చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే ముళ్ళు వేయడం కష్టం.

10. ట్రెయిల్ మీద వేసే వరుస

1. చోటు చూడండి. నీళ్ళకి కనీసం 60 మీటర్ల దూరం, పచ్చగడ్డి మీద వద్దు. లోయ అడుగున, చెరువు పక్కన చలిగాలి చేరి కండెన్సేషన్ విపరీతంగా వస్తుంది, కాస్త ఎత్తులో చెట్ల కింద అయితే చాలా తగ్గుతుంది.
2. తల పైకెత్తి చూడండి, ఎండిన కొమ్మ, చచ్చిన చెట్టు ఉంటే అక్కడ వద్దు.
3. నేల చూడండి. అందరూ పడుకుని గుంటపడి గట్టిపడ్డ చోట వానొస్తే నీళ్ళు నిలుస్తాయి. పైన్ ఆకులు రాలిన మెత్తటి నేల నీళ్ళని పీల్చుకుంటుంది.
4. టెంట్ పరిచే ముందు అక్కడ పడుకుని చూడండి, తల ఎటు ఎత్తుందో తెలుస్తుంది.
5. గాలి ఎటు నుంచో చూసి, ఇరుకైన వైపు గాలికి, తలుపు గాలి చాటుకి.
6. గాలివైపు పెగ్ ముందు కొట్టండి, తర్వాత మిగతా మూలలు, ఆ తర్వాత పోల్, చివర బిగింపు. మొదట్లోనే పూర్తిగా బిగించేయకండి.
7. గ్రౌండ్ షీట్ అంచు టెంట్ బయటికి కనపడకూడదు, కనపడితే వాననీళ్ళని సరాసరి మీ కిందికి తెస్తుంది.
8. వాన లేకపోతే తలుపు సగం తెరిచి పడుకోండి.

తిండి టెంట్‌లో పెట్టకండి, సియెర్రాలో జాన్ మ్యూర్ ట్రెయిల్ మీద బేర్ క్యానిస్టర్ (ఎలుగుబంటి తెరవలేని తిండి డబ్బా) తప్పనిసరి, దాన్ని టెంట్‌కి దూరంగా ఉంచాలి. టెంట్ లోపల, మూసిన వెస్టిబ్యూల్‌లో స్టవ్ వెలిగించవద్దు. మంట ఒకటే కాదు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

11. తరచుగా వచ్చే సమస్యలు, వాటికి మందు

పొద్దున లోపలంతా తడి: చిన్న మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి పిండండి, మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు ఎండలో పరవండి. రోజుకి అరగంట ఎండ చాలు.

రాత్రి టెంట్ వేలాడుతోంది: పోల్ రెండు మూడు సెంటీమీటర్లు పెంచండి, ఒక్కో పెగ్ దగ్గరికీ వెళ్ళేకంటే త్వరగా అయిపోతుంది.

జిప్ మూసినా పళ్ళు విడిపోతున్నాయి: ఇసుక చేరి స్లైడర్ అరిగింది. నీళ్ళు పోసి పాత టూత్‌బ్రష్‌తో కడగండి, అప్పటికీ పట్టకపోతే స్లైడర్ రెండు అంచులనీ ప్లయర్‌తో చాలా నెమ్మదిగా నొక్కండి.

చిరిగింది: సిలికాన్ బట్టకి మామూలు రిపేర్ టేప్ సరిగా అంటదు, సిలికాన్ ప్యాచ్ లేదా సీలర్‌తో గుడ్డముక్క. డీసీఎఫ్‌కి డీసీఎఫ్ టేప్. మీ బట్టకి సరిపడే ముక్క ఒకటి ఇంటి దగ్గరే ప్యాక్ చేసుకోండి.

ఫ్రేమ్ పోల్ విరిగింది: టెంట్‌తో వచ్చే చిన్న లోహపు గొట్టం విరిగిన చోటికి జరిపి టేప్ చుట్టండి. ఆ గొట్టాన్ని బరువని ఇంట్లో వదిలేయకండి.

12. ఇండియాలో వాడేవాళ్ళకి

ఉత్తరాఖండ్‌లో బుగ్యాల్స్ మీద, అంటే ఎత్తైన పచ్చికబయళ్ళ మీద రాత్రి బసని 2018లో అక్కడి హైకోర్టు నిషేధించింది, అందుకని క్యాంప్ ఎక్కడ వేయనిస్తారో అటవీ శాఖని అడిగి రూట్ వేసుకోండి. మన నల్లమల టైగర్ రిజర్వ్, సొంత టెంట్ పట్టుకుని అడవిలో దిగే చోటు కాదు. వర్షాకాలం సహ్యాద్రిలో జలగలుంటాయి, కింద ఫ్లోర్ లేని టార్ప్ మీద మోజు పడకండి, ఫ్లోర్, మెష్ కలిపి కుట్టినదే తీసుకోండి.

విమానంలో పెగ్స్, ట్రెక్కింగ్ పోల్స్ చెకిన్ బ్యాగేజ్‌లోనే పెట్టండి.

13. డబ్బు కట్టే ముందు చెక్‌లిస్ట్

- ట్రెయిల్, నెల, నేల రాసుకున్నాను
- ప్యాడ్, బ్యాగ్ ఎత్తు కలిపి పొడవు సరిపోయింది
- కూర్చుంటే తల తగలదు
- పెగ్స్, తాళ్ళు, గ్రౌండ్ షీట్ కలిపి మొత్తం బరువు లెక్కేశాను
- నా పోల్ ఆ ఎత్తుకి సాగుతుంది
- గోడలు ఒకటో రెండో, నా వాతావరణానికి సరిపడేదే
- కుట్లు సీల్ అయి ఉన్నాయో లేదో తెలుసు
- రిటర్న్ గడువు ఎన్ని రోజులో చూశాను
- రిపేర్ ముక్క, అదనపు పెగ్ ఆర్డర్‌లో ఉన్నాయి

14. తిరిగొచ్చాక

ఆ రోజే టెంట్ విప్పి నీడలో ఆరేయండి, ఎండలో గంటలకొద్దీ వదిలేస్తే బట్ట బలం పోతుంది. మట్టి ఉంటే చల్లటి నీళ్ళు, స్పాంజి, అంతే, వాషింగ్ మెషీన్, సర్ఫ్ వద్దు. కుట్ల దగ్గర, జిప్ మడతల్లో చేత్తో తడిమి చెమ్మ లేదని చూసుకున్నాక, దాని చిన్న సంచిలో కుక్కకుండా పాత దిండు గలేబులో వదులుగా పెట్టి, గాలి ఆడే చోట ఉంచండి. డీసీఎఫ్ అయితే ఎప్పుడూ ఒకే మడత మీద మడవకుండా చుట్టి పెట్టండి. పెగ్స్ విడిగా కడిగి, వంగినవాటిని తీసేసి, ఎన్ని తగ్గాయో లెక్కపెట్టి అప్పుడే ఆర్డర్ పెట్టేయండి.